చక్కెర చక్కెర కాదని సంతకం పెట్టాను

నా సర్వీసు మొత్తంలో నేను సంతకం పెట్టిన కాగితాలు రెండు రకాలే. ఒకటి హాజరు రిజిస్టరు, రెండోది పగిలిన గాజు సామాను పట్టిక. ల్యాబ్ అసిస్టెంట్ సంతకంతో ఈ లోకానికి అంతకు మించి పనిపడదు. ఒకసారి మాత్రం మూడో రకం కాగితం మీద పెట్టాను. ఎంతో ముచ్చటపడి, తేదీ వేసి, కింద రెండు గీతలు కొట్టి మరీ పెట్టాను. ఆ కాగితంలో ఉన్నది ఒక్కటే వాక్యం. అదీ తప్పే.

ఇప్పుడు రిటైరై కరీంనగర్‌లో ఉంటున్నాను. మా గల్లీలో రక్తపరీక్షల ల్యాబుల్లోనో, కాలేజీ ల్యాబుల్లోనో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి కూర్చుని "అంకుల్, మీ టైమ్‌ల ఎట్లుండె?" అని అడుగుతారు. వాళ్ళకు నేను గెలిచిన కథలు చాలానే చెప్పాను. నిజం చెప్పాలంటే వాటిలో సగం వేరేవాళ్ళ గెలుపులు. నాది అని ధైర్యంగా చెప్పుకోదగ్గది ఈ ఓటమి ఒక్కటే. అందుకని రాసి పెడుతున్నాను. చదివి నవ్వుకోండి పిల్లలూ, నాకేం బాధ లేదు.

జైనూర్ దాటి గుట్టల్లోకి పోతే వచ్చే ఒక గురుకులంలో అప్పుడు నా పోస్టింగు. ఇంటర్ దాకా ఉండేది. మాది ధర్మపురి దగ్గర పల్లె. గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి గుట్టల్లో పడేశారని మొదటి ఏడాదంతా మొహం మాడ్చుకుని తిరిగాను. తర్వాత అలవాటైంది. అలవాటేమిటి, పొగరే వచ్చింది. కారణం ల్యాబు. తాళంచెవి నా మొలతాడుకు ఉండేది. సీసాల మీద చీటీలన్నీ నా రాతే. ఏ మూల ఏ మందు ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి.

నేను చెప్పే ఏడాది మా కెమిస్ట్రీ లెక్చరర్ మేడం పురుటికని కరీంనగర్‌లో పుట్టింటికి వెళ్ళారు. ఆమె స్థానంలో రావాల్సినవాళ్ళు రాలేదు. ప్రిన్సిపాల్ మేడం నన్ను పిలిచి "ఎవరన్న వచ్చేదాక ప్రాక్టికల్స్ జర మీరే చూసుకోండి" అన్నారు. ఆమె ఉద్దేశం సామాను జాగ్రత్తగా చూసుకోమని. నేను పాఠం చెప్పమన్నారని అనుకున్నాను. పిల్లలు నన్ను "సార్" అనడం మొదలుపెట్టారు. వద్దనలేదు. అనిపించుకున్నకొద్దీ ఇంకా అనిపించుకోవాలనిపించే మాట అది.

ఆ పిల్లలకు నేను రోజూ చేసి చూపించేది చక్కెర పరీక్ష. బెనెడిక్ట్ ద్రావణమని ఒకటుంటుంది, మైలుతుత్తం కలిసిన నీలం నీళ్ళు. టెస్ట్‌ట్యూబులో గ్లూకోజు నీళ్ళు పోసి, ఈ నీలం మందు కలిపి వేడి చేస్తే, ముందు ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా, ఆఖరికి ఇటుక రంగులోకి వస్తుంది. రంగు మారితే చక్కెర ఉన్నట్టు, నీలంగానే ఉంటే లేనట్టు. ఇన్నేళ్ళలో ఎన్ని వందలసార్లు చేశానో. చేసిన ప్రతిసారీ గ్లూకోజు పొట్లంతోనే చేశాను, ఎందుకంటే ప్రాక్టికల్ పుస్తకంలో గ్లూకోజు అనే ఉంది. ఇంట్లో చాయ్‌లో వేసుకునే చక్కెరతో ఎన్నడూ చేసి చూడలేదు. చూడాలని తోచనే లేదు.

ఇక మా వంట మనిషి గురించి చెప్పాలి. మందమర్రి కాలనీలో పుట్టి పెరిగింది. తండ్రి బొగ్గుబాయిలో పనిచేసినవాడు. పెనిమిటికి నడుం దెబ్బ తగిలి మంచం పట్టాడు. ఇల్లంతా ఆమె మీదే. కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి ఆమెను పెట్టిన ఏజెన్సీకి ఒక్క ఉత్తరం పోతే చాలు, మర్నాటి నుంచి రావద్దంటారు. ఆదివారం పొద్దున పిల్లలకు ఉప్మా పెట్టి చర్చికి పోయేది, మిగతా రోజుల్లో ఆ చర్చి పాటలే పాడుకుంటూ గంటె తిప్పేది. ఆమె చేతి పచ్చిపులుసు కోసం సెలవు పెట్టకుండా ఆగిపోయిన రోజులు నాకున్నాయి. నన్ను "అన్నా" అనేది. నేను "చెల్లె" అనేవాణ్ణి.

ఆ ఏడు జెండా పండుగకు పక్క ఊరి పెద్దమనిషి ఒకాయన ముఖ్య అతిథిగా వచ్చాడు. తెల్లటి ఖద్దరు బట్టలు, ఇస్త్రీ మడత నలగలేదు. జెండా ఎగిరింది, ఉపన్యాసం అయింది, బూంది లడ్డూలు వచ్చాయి. ఆయన లడ్డూ తీసుకుని నోటిదాకా తెచ్చాడో లేదో అది చేతిలోనే విడిపోయింది. బూంది అంగీ మీద, పాకం మోచేతి దాకా. ఇంకోటి ఇచ్చారు. అదీ అంతే. ఆయన మంచివాడే, ఏమీ అనలేదు. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోస్తున్న మా వార్డెన్ సార్ మొహం మాత్రం ఎర్రగా కందిపోయింది.

మర్నాడు పొద్దున్నే వార్డెన్ సార్ ఒక గ్లాసు నిండా చక్కెర పట్టుకుని ల్యాబుకొచ్చాడు.

"గీ చక్కెరల మతలబుంది" అన్నాడు. "అసలు చక్కెరైతే లడ్డూ గట్ల కారుతదా? మంచి బస్తా బైటికి పంపి, గీ నకిలీది తెచ్చి పోసిండ్రు. కిచెన్ తాళం ఎవరి దగ్గరుంటది? ఆమె దగ్గరనే గద. నువ్వు జర పరీక్ష చేసి చెప్పు."

నువ్వు పరీక్ష చేసి చెప్పు అని ఒక ఆఫీసరు నన్ను అడగడం అదే మొదలు. చాతీ రెండంగుళాలు పెరిగింది. టెస్ట్‌ట్యూబు తీశాను, చక్కెర కరిగించాను, నీలం మందు పోశాను, వేడి చేశాను. నీలం నీలంగానే ఉంది. ఇంకాస్త వేడి చేశాను. మారలేదు. పక్కనే గ్లూకోజుతో చేస్తే చిటికెలో ఇటుక రంగు వచ్చింది. వార్డెన్ సార్ రెండు ట్యూబులనూ మార్చి మార్చి చూశాడు.

"మరి తియ్యగ ఉన్నది గద?" అని నాలుక మీద నాలుగు పలుకులు వేసుకున్నాడు.

నేనూ వేసుకున్నాను. తియ్యగానే ఉంది. అక్కడ ఆగాల్సింది. ఆగలేదు.

"తియ్యగ ఉన్నదల్లా చక్కెర కాదు సార్" అన్నాను. "కల్లుల సాక్రిన్ కలుపుతరు చూడుండ్రి, అట్ల ఏదో ఉప్పు మీద సాక్రిన్ పట్టించి ఉంటరు."

ఏ ఉప్పు, ఎలా పట్టిస్తారు, నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా ఏదో ఒకటి చెప్పేవాణ్ణే. ఆ ఊపు అలాంటిది. కాగితం మీద రాసివ్వమన్నాడు. "పరీక్షించిన నమూనాలో చక్కెర లేదు" అని రాసి, ఇందాక చెప్పిన రెండు గీతల సంతకం పెట్టాను. ఆమె మీద ఏం పడబోతోందో అప్పుడు నేను ఆలోచించానా అంటే, లేదు. సీసా గురించి ఆలోచించాను, రంగు గురించి ఆలోచించాను. మనిషి గుర్తుకు రాలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం.

సాయంత్రానికల్లా సంగతి తెలిసింది. ప్రిన్సిపాల్ మేడం పనిమీద ఆదిలాబాద్ వెళ్ళారు, సోమవారం వస్తారు. ఆమె రాగానే ఏజెన్సీకి ఉత్తరం పోతుంది, వంట మనిషిని తీసేస్తారు. దొంగతనం అని రాస్తే ఇంకెక్కడా పెట్టుకోరు కూడా. ఆ రాత్రి మెస్సులో అన్నం వడ్డిస్తూ ఆమె నావైపు చూడలేదు. పాటా పాడలేదు.

శనివారం మధ్యాహ్నం పిల్లల భోజనాలయ్యాక ఆమె ల్యాబు గుమ్మంలోకొచ్చి నిలబడింది. చేతిలో చిన్న స్టీలు డబ్బా.

"అన్నా, జెండా పండుగ నాటి పాకం జరంత మిగిలింది. గా బస్తాల చక్కెరతోనే చేసిన. గిదిగూడ పరీక్ష చెయ్యి."

"చెల్లె, ఏం చేసినా గంతే."

"గంతే అయితే గంతే. చెయ్యి."

చేశాను. నీలం మందు కలిపి సారాయి దీపం మీద పెట్టానో లేదో, ఆకుపచ్చ, పసుపు, ఇటుక రంగు. గ్లూకోజుకు వచ్చినట్టే వచ్చింది.

"ఇందుల గ్లూకోజు కలిపినవా?" అన్నాను.

"గ్లూకోజా? జ్వరమొస్తెనే గద మాకు గ్లూకోజు కనబడేది! నీళ్ళు, చక్కెర, నిమ్మకాయ. ఇంకేం లేదు."

"నిమ్మకాయ ఎందుకు?"

"పాకం పలుకు కట్టకుంట. మా బొగ్గుబాయి క్యాంటీన్‌ల ఉత్తరాది మిఠాయి మేస్త్రి ఒకాయన ఉండె. మా అవ్వకు ఆయననే నేర్పిండు. నిమ్మకాయ పిండితె పాకం మల్ల గడ్డకట్టది, లడ్డూ మెత్తగుంటది." కాసేపు నన్ను చూసి, "నా మీద నమ్మకం లేకుంటె నీ ముంగటనే చేస్త. చక్కెరగూడ నాది వద్దు. వార్డెన్ సార్ తెచ్చిన గ్లాసు ఉన్నది గద, గండ్లకెంచే తియ్యి" అంది.

వంటింట్లో నుంచి రెండు నిమ్మకాయలు తెచ్చింది. బీకరులో చక్కెర నీళ్ళు పోసి, ఆమె నిమ్మకాయ పిండింది, నేను దీపం వెలిగించాను. ఒక పావుగంట ఉడికించాం. పులుపు మరీ ఎక్కువైతే నీలం మందు సరిగా పనిచేయదు కాబట్టి తినే సోడా కొద్దికొద్దిగా వేసి, బుసబుస పొంగడం ఆగేదాకా చూశాను. అప్పుడు పరీక్ష చేశాను. ఇటుక రంగు. అదే గ్లాసులోని చక్కెరను నిమ్మకాయ లేకుండా చేశాను. నీలం.

నేను గెలిచినంతగా సంతోషపడి "సూసినవా!" అన్నాను, ఓడింది నేనే అన్నది మరిచిపోయి.

ఆమె సంతోషపడలేదు. ట్యూబు వైపు అనుమానంగా చూసింది. "అన్నా, గా రంగు నిమ్మకాయతోని వచ్చిందేమో? చక్కెరతోని కాకుంట?"

పిల్లలూ, ఈ ప్రశ్న నేను అడగాల్సింది. ల్యాబు తాళంచెవి ఉన్నది నాకు. ఆమెకు ఉన్నది వంటింటి తాళంచెవి. వట్టి నిమ్మరసానికి పరీక్ష చేస్తే కొంచెం పచ్చగా, పసుపుగా రంగు తిరిగింది. నిమ్మకాయలోనూ కాస్త తీపి ఉంటుందట, పులుపు దాన్ని కప్పేస్తుంది. అంటే ఆమె అనుమానంలో నిజం ఉంది. అప్పుడు నిమ్మకాయ పక్కన పెట్టి, సీసాలోని పలుచటి యాసిడ్ చుక్కలు చక్కెర నీళ్ళలో వేసి ఉడికించాను. యాసిడ్‌లో తీపి ఉండదు కదా. సోడా వేసి పులుపు విరిచి, నీలం మందు పోసి వేడి చేస్తే నిండుగా ఇటుక రంగు. ఇక అనుమానం లేదు. అది చక్కెరే. తప్పు నా పరీక్షదే.

కానీ ఎందుకో నాకు తెలియదు. మా దగ్గర ఫోను సిగ్నలు గంట కొట్టే స్తంభం దగ్గర మాత్రమే దొరికేది. అక్కడ నిలబడి లెక్చరర్ మేడంకు ఫోను చేశాను. వెనక పసిబిడ్డ ఏడుపు. నేను చెప్పిందంతా విని ఆమె నవ్వీ నవ్వీ ఆగలేకపోయారు.

"ఇన్నేండ్లల్ల ఎన్నడు చక్కెరతోని చెయ్యలేదా మీరు?" అన్నారు. తర్వాత ఓపికగా చెప్పారు. గ్లూకోజు ఒంటరిది, దానికి ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది, ఆ చేత్తో నీలం మందులోని రాగిని పట్టుకుని రంగు మారుస్తుంది. మనం తినే చక్కెర ఒంటరి కాదు, జంట. గ్లూకోజు ఒకటి, పండ్లలో ఉండే ఫ్రక్టోజు ఒకటి, ఒకదాని చెయ్యి ఒకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఇంక రాగిని పట్టుకోవడానికి ఏ చెయ్యి మిగులుతుంది? పులుపులో ఉడికిస్తే ఆ పట్టు విడిపోతుంది. రెండూ చెరో దారి అవుతాయి, అప్పుడు రంగు వస్తుంది. "మన పేగులల్ల అయ్యేది గదే" అన్నారు. "తేనెటీగ పూలరసంతోని చేసేది గూడ గదే. చెరుకు మాత్రం ఆ జంటను చేతులు పట్టిచ్చే గడలల్ల దాస్తది, దారిల దేనితోని కలువకుంట. మీరు చెరుకును దొంగ అన్నరు."

"చెరుకును కాదు మేడం" అన్నాను.

అవతల నవ్వు ఆగిపోయింది. "సంతకం పెట్టిండ్రా?"

"కింద గీతలు గూడ కొట్టిన."

"అయితే మల్లొక కాగితం రాయాలె మరి" అని, బిడ్డ గట్టిగా ఏడవడంతో ఫోను పెట్టేశారు.

ఆదివారం గడవడం ఎంత కష్టమైందో. నా బుర్ర నిండా ఒకటే లెక్క, ఈ తప్పులోంచి మర్యాదగా ఎలా బయటపడాలి అని. నీలం మందు పాతబడింది అంటే సరి. మందు మీద తోస్తే మందు ఎదురు చెప్పదు. ఆమె ఉద్యోగం నిలబడుతుంది, నా పరువూ నిలబడుతుంది. పామూ చావదు, కర్రా విరగదు. సోమవారం పొద్దున ఆ మాటే నోటిలో పెట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళాను.

టేబులు మీద ఏజెన్సీకి పోవాల్సిన ఉత్తరం టైపు చేసి ఉంది. పక్కన నా కాగితం. వార్డెన్ సార్ కుర్చీలో, వంట మనిషి గోడ పక్కన నిలబడి. నేను సారాయి దీపం, ట్యూబులు పట్టుకుని పోయాను. వాళ్ళ ముందే వట్టి చక్కెర నీళ్ళు, నిమ్మకాయతో ఉడికించినవి, యాసిడ్‌తో ఉడికించినవి మూడు ట్యూబులూ చేసి చూపించాను. ప్రిన్సిపాల్ మేడం కళ్ళజోడు పైకి తోసి చూశారు.

"అంటే గిది చక్కెరనే. మరి మొన్న లేదని రాసిచ్చిండ్రు గద?"

"అది మేడం... మందు జర పాతబడ్డట్టుంది..."

"ఓ, మందుదా తప్పు?"

వంట మనిషి నావైపు చూసింది. అబద్ధమని ఆ గదిలో తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఆ మందుతోనే శనివారం ఆమె ముందర ఐదు పరీక్షలు చేశాను. తన ఉద్యోగం ఎలాగూ దక్కుతుంది కాబట్టి ఆమె ఊరుకునేదే, నన్ను బయటపెట్టేది కాదు. ఆమె ఊరుకుంటుందని తెలిశాకే నాకు ఊరుకోవడం చేతకాలేదు.

"మందుది కాదు మేడం. నాది. నాకు గ్లూకోజు పరీక్షే తెలుసు. చక్కెరకు అది పనిచేయదని తెల్వదు. తెల్వకుంటనే సంతకం పెట్టిన. సాక్రిన్ అన్నది గూడ నా నోటికొచ్చింది అన్న."

చెప్పాక ఒళ్ళు తేలికైంది. వార్డెన్ సార్ కాసేపు గోడ గడియారం చూశాడు. ఆయనకూ దిగమింగుకోవాల్సింది ఉంది పాపం. తర్వాత ఉత్తరం తీసుకుని నాలుగు ముక్కలు చేశాడు.

"గది సరే" అన్నాడు మొండిగా. "మంచి చక్కెరైతే మరి లడ్డూలెందుకు కారినయి? ఆ పెద్దమనిషి అంగీ ఏం పాపం చేసింది?"

ఇప్పుడు వంట మనిషి తల వంచుకుంది.

"ఎన్ని నిమ్మకాయలు పిండినవమ్మా?" అన్నారు మేడం.

"ఎప్పుడైతే రెండు" అంది మెల్లగా. "పెద్దసారు వస్తుండని, లడ్డూ ఇంకింత మెత్తగుండాలని... పది పిండిన."

ముందు నవ్వింది ప్రిన్సిపాల్ మేడమే. ఆపుకుందామని చూసి నీళ్ళ గ్లాసు అందుకున్నారు, అదీ పొలమారింది. వార్డెన్ సార్ కూడా చివరికి నవ్వేశాడు. నిమ్మకాయ ఎక్కువైతే చక్కెర మొత్తం విడిపోయి పాకం ఇక గట్టిపడదని నేను వివరించబోయాను. "మీరు జర ఆగుండ్రి" అన్నారు మేడం. ఆగాను. కొత్త కాగితం రాశాను, "ఇది చక్కెరే" అని. ఈసారి గీతలు కొట్టలేదు.

తలెత్తి చూస్తే వంట మనిషి గదిలో లేదు. పొయ్యి మీద పప్పు ఉందని పోయింది. నేను వెనకాలే వంటింటికి పోయాను. క్షమించమని అడగడానికి మాటలు దారిలోనే కూర్చుకున్నాను. ఆమె పెద్ద గంటెతో పప్పు తిప్పుతోంది. నన్ను చూసి పీట జరిపింది, పళ్ళెం పెట్టింది.

"చెల్లె, తప్పయిపోయింది" అన్నాను. కూర్చుకున్న మాటల్లో మిగిలింది అదొక్కటే.

"నీకు తెల్వకపోతే తెల్వలే, దానికేమున్నది" అంది. "చదువుకున్నోళ్ళకు గూడ అన్నీ తెల్వయి. నాకు బాధ అయింది గందుకు గాదు." గంటె ఆపింది. "ఆరేండ్లాయె, నా చేతి తిండి తింటున్నవు. గది పరీక్ష గాదా అన్నా?"

ఆమె పళ్ళెంలో అన్నం పెట్టి, వేడి పప్పు పోసి, "తిను, సల్లారుతది" అంది.